అమావాస్య నాటి మగ్గం

ధర్మవరం పట్టుచీరల వ్యాపారి కుళ్ళాయప్ప చేసే మోసం మరీ పెద్దదేమీ కాదు. మరమగ్గం మీద నేసిన చీరలను చేనేత చీరలని చెప్పి దుబాయికి పంపడం, అంతే. ఒకప్పుడైతే పెట్టె మీద ‘చేనేత’ అని రాసుకుంటే సరిపోయేది. ఇప్పుడు పాపం, మోసానికి కూడా కంప్యూటరు వచ్చిపడింది.

కొనే దేశాలూ అమ్మే దేశాలూ కలిసి ఒక ఆన్‌లైన్ పద్ధతి పెట్టుకున్నాయి. ప్రతి చేనేత మగ్గం మీదా ఒక కెమెరా ఉండాలి. మగ్గం ఆడుతుంటే తెర మీద దాని బొమ్మ పక్కన పచ్చగుర్తు, ఆగితే ఎర్రగుర్తు. పచ్చగుర్తు లేనివాడి పెట్టె ఓడ ఎక్కదు. దుబాయిలో కొనేవాడూ, చెన్నై రేవులో అధికారీ చూసేది ఆ ఒక్క తెరనే. తెర అందరిదీ, దాని తాళంచెవి మాత్రం సర్కారు తన మొలతాడుకు కట్టుకుంది. ఎవరూ దొంగతనం చేయకుండా ఎవరో ఒకరు కాపలా ఉండాలి కదా మరి.

కుళ్ళాయప్ప షెడ్డులో నేల గుంట తవ్వించి ఒకే ఒక గుంటమగ్గం పెట్టి, ముసలి తిమ్మన్నను కూలికి కూర్చోబెట్టాడు. ముందు గదిలో తిమ్మన్న కెమెరా కింద నిదానంగా నేస్తుంటే, వెనక గదిలో మరమగ్గం చీరలు పెట్టెల్లో సర్దుకునేవి. ఒక్క మనిషి ఇన్ని చీరలు ఎలా నేశాడని తెర ఏనాడూ అడగలేదు. మర్యాద తెలిసిన తెర.

ఈసారి ఇల్లు తాకట్టు పెట్టి మరీ సరుకు పంపాడు. పెట్టెలు రేవు గేటు దాటాల్సిన రోజు పొద్దున్నే తిమ్మన్న రాలేదు. అమావాస్యనాడు మగ్గం ముట్టనని కబురు పంపాడు. అమావాస్యకు ఆ ఊళ్ళో ఏ నేతగాడూ గుంటలోకి దిగడు, అది వాళ్ళ తాతలనాటి సెలవు. కానీ ఎర్రగుర్తు పడితే పెట్టెలు రేవులో, కుళ్ళాయప్ప వీధిలో.

తలకు తువ్వాలు చుట్టుకుని తానే దిగాడు. పుట్టి బుద్ధెరిగాక పోగును అటూ ఇటూ నడిపే నాడె పట్టినవాడు కాదు. తొక్కాడు, లాగాడు, పోగులు తెంపాడు. ఎలాగైతేనేం, మగ్గం ఆడింది. పెట్టెలు గేటు దాటాయని ఫోను రాగానే నడుము పట్టుకుని లేచి అన్నానికి కూర్చున్నాడు.

రెండో ముద్ద ఎత్తకముందే ఇంకో ఫోను. జిల్లా చేనేత ఆఫీసు నుంచి జ్యోతిలక్ష్మి మేడం బయలుదేరారట, ఇల్లు కదలొద్దన్నారట.

భార్య సువర్ణ తొణక్కుండా మజ్జిగ పోసింది. “ఊర్లో మగ్గాలన్నీ పండుకోనుంటే నీదొక్కటే టకటకమనె. దొంగ యాడుండాడో నువ్వే మోగించి చెప్పినావు” అంది.

జీపు వచ్చింది. మేడం నేరుగా షెడ్డులోకి నడిచి, తెగిన పోగులను చూసింది, తర్వాత అతన్ని చూసింది. కుళ్ళాయప్ప చేతులు జోడించాడు.

“తప్పయిపోయింది మేడం. ఆ చీరలన్నీ మరమగ్గానివి. ఈ మగ్గం ఉత్త కెమెరా కోసం పెట్టినా. జైలుకు మాత్రం పంపద్దండి.”

ఆమె గబుక్కున తలుపు మూసింది. కిటికీలోంచి వీధి అటూ ఇటూ చూసి, నుదుటి చెమట తుడుచుకుంది.

“ఆ మాట ఇంగ యాడా అనాకప్పా” అంది గొంతు తగ్గించి. “పైదేశాలోళ్ళు మా ఆఫీసులో కూచోని పొద్దున్నుంచి తెర చూస్తాండారు. ఈ పొద్దు అమావాస్యని వాళ్ళను పిలిచిన మావోళ్ళకు గుర్తు లేకపాయ. వాళ్ళను భోజనాల కాడ కూచోబెట్టి, ఫోన్లో చెప్పే మాట కాదని పరుగెత్తుకొచ్చినా. వాళ్ళు తిని లేచేలోపల నువ్వు బిన్నా గుంటలోకి దిగు.”

“అంటే, నన్ను పట్టుకోను రాలేదా మేడం?”

“నిన్ను పట్టుకుంటే ఆడించేదెవరప్పా? తెర మీద జిల్లాలోని మూడు వేల మగ్గాల చోటా పొద్దున్నుంచి నీ మగ్గం బొమ్మే పెట్టినాము, నువ్వు అన్నానికి లేస్తానే జిల్లా అంతా ఒక్కసారే నిలబడిపాయ.”