తొంభై ఆరు శాతం

“పందిరి విప్పెయ్యండి. ఈ పెళ్ళి జరగదు,” అంది ప్రసన్నకుమారి జీపు దిగుతూనే.

సన్నాయి ఆగిపోయింది. అంతర్వేదికి కాస్త ఇవతల, వలలు ఆరేసిన ఆ పాలెంలో పెళ్ళివారంతా ఆమె వైపే చూశారు. ఆమె బాలల సంరక్షణ అధికారిణి. వెనకే కానిస్టేబుల్ వెంకన్న వచ్చి నిలబడ్డాడు.

కొబ్బరాకుల పందిరి కింద కూర్చున్న ముసలావిడ మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది. “నేను సంపూర్ణమ్మనండి. ఈ ఇంటికి పెద్దదాన్ని. ఎవరు పంపారండి మిమ్మల్ని, కులపెద్దలా?”

“ఎవరూ పంపలేదు. కంప్యూటర్ చెప్పింది.”

ఆ ఉదయమే ఆఫీసు కంప్యూటర్ నుంచి ఆమె ఫోనుకు హెచ్చరిక వచ్చింది. బడి హాజరు, రేషన్ కార్డులు, పంచాయతీ రికార్డులు అన్నీ కలిపి చూసి, ఏ ఇంట్లో బాల్యవివాహం జరగబోతోందో ముందే పసిగట్టే కొత్త ఏర్పాటు అది. ఉషారాణి, పదిహేనేళ్ళు, పదో తరగతి. తండ్రి లేడు. వారంగా బడికి రావడం లేదు. పెళ్ళిభోజనాలకు పంచాయతీ హాలు ఆన్‌లైన్‌లో ఆ పిల్ల పేరు మీదే బుక్ అయింది. ముప్పు తొంభై ఆరు శాతం.

కిందటి నెల ఇలాంటి హెచ్చరికే వస్తే, తెల్లారాక చూద్దాంలే అనుకుంది ప్రసన్నకుమారి. వెళ్ళేసరికి ఆ పిల్ల మెడలో తాళి ఉంది. ఈసారి అలా కానివ్వదలచుకోలేదు. తింటున్న టిఫిను వదిలేసి బయల్దేరింది.

“ఎవరొచ్చినా ఈ పెళ్ళి ఆగదండి,” అంది సంపూర్ణమ్మ. గొంతు పెంచలేదు.

“అసలు వయసు చూసుకున్నారా?”

“వయసుదేముందండి. తోడు లేకుండా ఎన్నాళ్ళని బతుకుద్దండి?”

“జైలుకెళ్తారు.”

“వెళ్తానండి. అక్షింతలేసేసి వస్తాను.”

“ముందు పెళ్ళికూతుర్ని పిలవండి. ఇష్టమో కాదో నేనే అడుగుతాను.”

“ముందు ఇష్టం లేదనే అందండి. నెల్లాళ్ళు ఏడ్చింది. మేమే ఎలాగో ఒప్పించాం.”

ప్రసన్నకుమారికి ఒళ్ళు మండిపోయింది. ఇక ఆవిడతో మాట్లాడి లాభం లేదని అరుగెక్కి లోపలికి నడిచింది. గది తలుపు ముందు ఓ అమ్మాయి అడ్డంగా నిలబడింది. కొత్త పరికిణీ, చేతులకు గోరింటాకు, జడనిండా కనకాంబరాలు.

“ఉషారాణివి నువ్వేనా?”

“నేనేనండి.”

“భయపడకమ్మా. నిన్ను తీసుకెళ్ళడానికే వచ్చాను. ఇక్కడెవరూ నిన్నేమీ చెయ్యలేరు.”

“నేనెక్కడికీ రానండి. ఈ పెళ్ళి కుదిర్చిందే నేను. నాయనమ్మని ఒప్పించింది కూడా నేనే. బడి మానేసి మరీ పనులన్నీ చూసుకున్నాను. ఇప్పుడు మీరొచ్చి ఆపుతానంటే ఊరుకోనండి.”

“పదిహేనేళ్ళదానివి, పెళ్ళంటే నీకేం తెలుసు? తప్పుకో.”

ఆ పిల్ల తప్పుకోలేదు. ప్రసన్నకుమారి సైగ చేయడంతో వెంకన్న ముందుకొచ్చాడు. ఉషారాణి అతని వైపు ఒక్క చూపు చూసి, తనే వెనక్కి తిరిగి తలుపు తోసింది.

లోపల చాప మీద, మధుపర్కాల చీరలో, నుదుట బాసికంతో ఎవరో తల బాగా వంచుకుని కూర్చుని ఉన్నారు. ముఖం కనిపించలేదు. ఉషారాణి వెళ్ళి పక్కన కూర్చుని ఆ చేతులు పట్టుకుంది.

“తలెత్తు అమ్మా. పెళ్ళికూతురివి నువ్వు, నేను కాదు. ఇష్టమేనని మేడంగారికి నువ్వే చెప్పు.”