అదే రకం అద్దం

“పదహారు వేలు. జిగురు, కూలి అన్నీ అందులోనే. చుక్క నీరు లోపలికి దిగిందంటే మీసం తీయించుకుంటాను,” అన్నాడు కారు అద్దాలు వేసే ఆ వీధిలో మొదటి కొట్టతను.

“మీసం సంగతి తరువాత చూద్దాం. ఇదే రకం అద్దం ఈ మధ్య ఎవరికైనా వేశారా?” అని అడిగారు మాస్టారు.

కౌంటరు మీద పరిచిన రుమాలులో గోరంత గాజుముక్క ఉంది. ఎండ తగిలేలా వంచితే దాని మీద వంగపండు ఛాయ ఒకటి మెరిసి మాయమవుతుంది. ఎండ వేడిని వెనక్కి కొట్టే పూత అది. మామూలు కార్ల ముందు అద్దాలకు అది ఉండదు. ఒకే ఒక్క పెద్ద కారుకు వస్తుంది. ఆ కారు పేరు మాస్టారు గుమ్మంలోనే చెప్పారు.

“వేయలేదు సార్. మీకోసం తెప్పిస్తాను.”

“అంటే, వేయించుకున్నవాళ్ళు ఎవరూ లేరన్నమాట.”

“పిల్లనిచ్చేవాళ్ళు కూడా ఇంత ఆరా తీయరు సార్!”

మాస్టారు నవ్వలేదు. ముక్కను రుమాలులో చుట్టి మెట్లు దిగారు.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పిన మనిషి. ఎంతటివాడు చెప్పినా, చూసి కొలిచేదాకా నమ్మరు. అమ్మేవాడి మాట కాదు, కొన్నవాడి ఆనవాలు కావాలంటారు. అబద్ధమాడడం ఆయనకు ఏనాడూ అలవడలేదు. అందుకే, జవాబు చెప్పవలసిన అవసరం రాకుండా, ప్రశ్నలన్నీ తానే వేసేవారు.

రెండో కొట్టు నడిపే ఆవిడ పద్నాలుగు వేలకే వేస్తానంది. అద్దం మాత్రం సాదాది.

“పూతా గీతా ఎందుకండీ? ఏసీ వేసుకుంటే చల్లగా ఉండదూ? తేడా ఎవరికి తెలుస్తుంది?”

“నాకు తెలుస్తుంది,” అన్నారు మాస్టారు.

మూడో చోట టీ ఇప్పించి, ఇరవై రెండు వేలన్నారు. ఆ రకం అద్దం ఈ ఏడాది ఒక్కటీ తమ చేతి మీదుగా పోలేదన్నారు.

“విప్పేసిన పాత అద్దాలు ఏం చేస్తారు?”

“చెత్త లారీకి వేస్తాం. ఏం సార్, పాతది చౌకగా కొట్టేద్దామనా?”

“ఒకసారి చూడనిస్తారా?”

వెనుక పెరట్లో గోడకు ఆనించిన పగిలిన అద్దాలను ఆయన వంగి వంగి చూశారు. ఒక్కొక్కదాన్నీ ఎండ వైపు తిప్పి చూశారు. దేనిలోనూ ఆ ఛాయ లేదు. లేచేసరికి మోకాళ్ళు పట్టేశాయి.

వీధిలోకి రాగానే ఫోను మోగింది. చెల్లెలు.

“అన్నయ్యా, ఏమైనా తిన్నావా?”

“తింటానమ్మా.”

“ఇంకా ఎన్ని ఊళ్ళు తిరుగుతావు? నా మాట విని వదిలెయ్యి. ఆ అద్దం సంగతి తేలితే మాత్రం ఏమొస్తుంది చెప్పు?”

“ఏమీ రాదు.”

“మరి?”

“ఈ వీధిలో ఇంకొక్క కొట్టు ఉంది.”

అది వీధి చివర, హైవేకి మొహం పెట్టి ఉంది. లోపల ముసలాయన ఒక్కడే, పాత జిగురును చాకుతో గీకుతున్నాడు. ధర చెప్పలేదు. ముక్కను వేలి కొస మీద పెట్టుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, చాలాసేపు చూశాడు.

“ఇది రాయి దెబ్బ కాదే! ముందు అద్దం పగిలినా ఇలా రాలదు సార్. రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది పట్టి ఉంచుతుంది. పైముక్క ఊడి వచ్చిందంటే గట్టిగానే తగిలింది. ఏం తగిలింది?”

ఇన్ని ఊళ్ళలో ఈ ప్రశ్న వేసినవాడు ఈయనొక్కడే.

“మనిషి,” అన్నారు మాస్టారు.

“బతికారా?”

“లేదు.”

ముసలాయన ముక్కను కౌంటరు మీద పెట్టేసి, వేళ్ళు గుడ్డకు తుడుచుకున్నాడు. గొంతులోని మర్యాద కూడా ఆ గుడ్డతోనే తుడిచిపెట్టుకుపోయింది.

“చూడబోతే చదువుకున్నవాడిలా ఉన్నావు. ఒక ప్రాణం పోతే, అద్దం ఎక్కడ చౌకా అని కొట్టు కొట్టుకీ తిరిగి బేరాలాడుతున్నావా? తిన్నది ఎలా అరుగుతోందయ్యా నీకు?”

మాస్టారు తల దించుకున్నారు.

“పోయిన నెల నీలాంటివాడే ఇంకొకడు దిగబడ్డాడు. ఇదే బండి, ఇదే అద్దం. పగిలినచోట ఇంతింత పొడుగు వెంట్రుకలు ఇరుక్కుని ఉన్నాయి. అడిగినదానికి రెండింతలిస్తానన్నాడు. గుమ్మం ఎక్కనివ్వలేదు, తరిమేశాను.”

మాస్టారి చెయ్యి కౌంటరు అంచును వెతుక్కుని పట్టుకుంది.

“ఎటు వెళ్ళాడు? ఏ కొట్టుకు?”

“ఏం, నువ్వూ అక్కడికే పోదామనా?” ముసలాయన గొంతు పెరిగింది. “హైవే ఎక్కాడు. ఏ గంగలో కలిశాడో నాకేం తెలుసు? పేరు అడగలేదు. మొహమైనా సరిగ్గా చూడలేదు, చూడబుద్ధి కాలేదు. నడు, బయటికి నడు!”

మాస్టారు కౌంటరు మీది గాజుముక్కను అరచేతిలోకి తీసుకున్నారు. ఆయన మెట్టు దిగీ దిగకముందే వెనకాల షట్టరు దడదడమంటూ దిగింది.

కారన్నదే ఎన్నడూ లేని మాస్టారు, చివరిసారి భార్య తల నిమిరినప్పుడు ఆమె జుట్టులో తన వేళ్ళకు తగిలిన ఆ గాజుముక్కను మళ్ళీ రుమాలులో భద్రంగా చుట్టుకుని, పెద్ద పెద్ద కార్లు రివ్వున దూసుకుపోతున్న ఆ రోడ్డు దాటడానికి అటూ ఇటూ చూస్తూ అక్కడే నిలబడిపోయారు.