మంచులో గొంతు

అనగనగా ఒక చెరువులో, ఎప్పుడో కూలిన చిన్న విమానం ఒకటి ముక్కు బురదలో కూరుకుపోయి, తోక మాత్రం పైకి పెట్టుకుని ఉండేది. పక్షులు దాని మీద వాలేవి కావు.

ఒక ఉదయం చెరువంతా పొగమంచు కమ్ముకుంది. గూడబాతుల గుంపును ముందుండి నడిపించే బారుముక్కు నీళ్ళ మీదికి దిగబోతుంటే, కింద ఆ విమానంలోంచి తుప్పు పట్టిన గొంతు వినిపించింది.

"మళ్ళీ పైకి లే."

బారుముక్కు మెడ వంచి కిందికి చూసింది. "ఎందుకు?" అంది.

"నేను కూలిన రోజూ ఇలాంటి మంచే. మైదానంలో జనం పూలదండలతో ఎదురుచూస్తున్నారు. అప్పటికే ఒకసారి దిగలేక చుట్టు తిరిగొచ్చాను. ఇంకోసారి తిరిగితే నవ్వుతారని, నేల కనపడకుండానే దిగిపోయాను."

"మరి నవ్వారా?"

"లేదు. ఒక్కరూ నవ్వలేదు."

బారుముక్కు రెక్కలు బలంగా కొట్టి పైకి లేచింది. గుంపూ దాని వెంటే లేచింది.

"దిగడం కూడా మర్చిపోయావా అక్కా," అని తెల్లరెక్క అనే కుర్రబాతు పకపకా నవ్వి, ఒక్కటే మంచులోకి దూసుకుపోయింది. కింద ఒక్కసారి నీళ్ళ చప్పుడైంది. ఆ తర్వాత నవ్వు వినిపించలేదు.

గుంపు చెరువు చుట్టూ తిరుగుతూనే ఉంది. ఎండెక్కి మంచు పలచబడ్డాక, వలలు కట్టడానికి ఎవరో కొత్తగా పాతిన మొనదేలిన గుంజలు నీళ్ళలో బయటపడ్డాయి. వాటి మధ్య తెల్లటి రెక్క ఒకటి తేలుతోంది.

మర్నాడూ మంచు కురిసింది. బారుముక్కు దిగబోతుంటే ఈసారి కింద నుంచి రెండు గొంతులు వినిపించాయి. రెండోది బాగా తెలిసిన గొంతే.

"మళ్ళీ పైకి లే అక్కా."