బుస లేని పెట్టె

పటాన్‌చెరు దాటాక పొలాల మధ్య వైర్‌లెస్ సెట్లు తయారుచేసే షెడ్డు ఉండేది. డెబ్బయ్యారు వానాకాలంలో ఒక రాత్రి, ఇంజనీరు బర్నబా కొత్త సెట్టుకు రెండు సింథసైజర్లలో ఏది పెట్టాలో చూస్తున్నాడు. కావలసిన ఫ్రీక్వెన్సీని పుట్టించే పెట్టెలవి. మొదటిది రెప్పపాటులో చానల్ మారుస్తుంది గాని, విడవకుండా బుస కొడుతుంది. రెండోదానికీ అంతే వేగం, బుస మాత్రం లేదు.

"గిదే ఖాయం జేద్దాం, లింగం," అన్నాడు.

"మంచిది సార్. జనరేటర్ల డీజిల్ వోసి జల్దీ వస్త," అంటూ మెకానిక్ లింగం బయటికెళ్లాడు.

రెండో పెట్టె బిగించిన సెట్టు స్పీకర్లోంచి, బుస లేని ఆ నిశ్శబ్దంలో, దెబ్బలు వినిపించాయి. ఎముక విరిగిన చప్పుడు. "సంపకుర్రి!" అని ఏడుపు. అది లింగం గొంతు. బర్నబా చానల్ మార్చాడు. అక్కడా అదే ఏడుపు.

ఇనుప రాడ్డు అందుకుని బయటికి ఉరికాడు. లింగం డీజిల్ డబ్బాతో ఎదురొచ్చాడు. ఒంటిమీద గీత కూడా లేదు.

లోపల స్పీకర్ ఇంకా అరుస్తూనే ఉంది. "బర్నబా సార్, నేనేం జేసిన? కొట్టకుర్రి!"

లింగం తన గొంతు తనే విన్నాడు. బర్నబా చేతికేసి చూశాడు. డబ్బా వదిలేసి చేలల్లోకి పరుగెత్తాడు.

"ఆగు లింగం! జెర నా మాట ఇను!" అని అరుస్తూ బర్నబా వెంటపడ్డాడు. చేతిలో రాడ్డు ఉందన్న సంగతే అతనికి గుర్తు లేదు.