తిరగని హ్యాండిల్

"ఇంజను జోలికి పోవద్దు. హ్యాండిల్ తిరిగితే చాలు," అన్నాడు బుల్లయ్య మూడోసారి.

షానవాజ్ సుత్తి కింద పెట్టి ఆయన వంక చూశాడు. పర్చూరు రోడ్డులో ఉన్న అతని షెడ్డుకి పాత బళ్లు చాలానే వస్తుంటాయి. ఇలాంటిది మాత్రం ఎప్పుడూ రాలేదు. ఇరవయ్యెనిమిదేళ్లు బావి అడుగున బురదలో పడున్న రాజదూత్ మోటార్ సైకిల్. ఈ ఎండాకాలం బుల్లయ్య తన మిరపచేలో బావికి పూడిక తీయిస్తుంటే బయటపడిందట. ముందు చక్రం ఎడమ పక్కకి తిరిగి, అలాగే రాయిలా బిగుసుకుపోయింది.

"ముందు చక్రాన్ని పట్టుకునే ఈ ఫోర్కు మొత్తం తుప్పే బాబాయ్. పాత సామాన్ల కొట్లో ఇంకోటి దొరుకుద్ది, తెచ్చి వేసేస్తా."

"ఒద్దు. ఏ ముక్కా మార్చొద్దు. ఇదే కదలాలి."

"కదిలితే మాత్రం ఏం లాభం? నడిచే బండి కాదుగా."

"తోసుకుపోతా. వేటపాలెం దాకా."

షానవాజ్ నవ్వబోయి ఆగిపోయాడు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. పాతిక కిలోమీటర్లు.

"మీకేం ఖర్మ? పదకొండెకరాల ఆసామి. ట్రాలీ ఆటో ఎక్కిస్తే గంటలో అక్కడుంటది."

బుల్లయ్య బోర్లించిన డబ్బా మీద కూర్చుని, బండి వంకే చూస్తూ ఉండిపోయాడు.

ఆ రోజంతా ఫోర్కుకి డీజిల్ పట్టించడంతోనే సరిపోయింది. రెండో రోజు పొద్దున్నే బుల్లయ్య మళ్లీ వచ్చాడు. టీ ఇస్తే పుచ్చుకోలేదు. మధ్యాహ్నానికి కాస్త నోరు విప్పాడు.

బండి వాళ్ల నాన్న కొన్నదే అయినా, కంటికి రెప్పలా చూసుకున్నది మాత్రం తమ్ముడు లక్ష్మీకాంత్. తాళం మొలతాడుకి కట్టుకుని తిరిగేవాడు. ఓ రోజు తెల్లారేసరికి వసారాలో బండి లేదు. లక్ష్మీకాంత్‌కి పేకాట అలవాటుండేది. ఆటలో పోగొట్టుకుని ఉంటాడని తండ్రి తేల్చేశాడు. వాడు ఒట్లు పెట్టుకున్నా వినలేదు. 'దొంగకి నా భూమిలో సెంటు కూడా లేదు' అంటూ, పెళ్లాన్నీ పసిపిల్లనీ వెంటబెట్టి వాణ్ణి గెంటేశాడు.

"తర్వాత?"

"వేటపాలెంలో జీడిపప్పు కంపెనీలో చేరాడు. జీడి రసానికి వేళ్లన్నీ నల్లగా మాడిపోయాయంట. మొన్న కార్తీకంలో పోయాడు. కూతురు శ్రీదివ్య అక్కడే ఉంది. ఇప్పటికీ ఆ పిల్లని మా ఊళ్లో దొంగ కూతురనే అంటారు."

"మీరు వెళ్లలేదా? పోయినప్పుడైనా?"

"ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

షానవాజ్‌కి మనసు చివుక్కుమంది. "బండి బావిలో దొరికిందిగా. ఇప్పుడేమంటున్నారు మీ ఊళ్లో?"

"వాడే కోపంతో తోసుంటాడంటున్నారు."

మూడో రోజు గ్యాస్ మంటతో వేడి చేసి, కొయ్య సుత్తితో నెమ్మదిగా కొట్టగా కొట్టగా, కీచుమంటూ ఒక ఫోర్కు రాడ్డు జారింది. మరో గంటకి రెండోదీ వచ్చింది. హ్యాండిల్ మాత్రం వెంట్రుకవాసి కూడా కదల్లేదు. షానవాజ్‌కి అనుమానం వచ్చింది. బండి మెడ దగ్గర గట్టిపడ్డ మట్టిని ఉలితో గీకి, లోపలికి టార్చి వేశాడు.

"బాబాయ్! ఇది తుప్పు కాదు. తాళం! హ్యాండిల్‌కి తాళం వేసుంది!"

బుల్లయ్య కూర్చున్న చోటి నుంచి లేవలేదు.

"అర్థమైందా? మీ తమ్ముడి దగ్గర తాళం ఉంది. వాడే తోయాలనుకుంటే తాళం తీసి దర్జాగా నడుపుకుంటూ పోయేవాడు. తాళం లేనోడెవడో చేశాడు ఈ పని. మీ తమ్ముడు దొంగ కాదు బాబాయ్!"

"కాదు," అన్నాడు బుల్లయ్య మెల్లగా.

షానవాజ్ హుషారుగా డ్రిల్లు అందుకున్నాడు. తాళం నాలుక తెగింది. ఇరవయ్యెనిమిదేళ్ల తర్వాత హ్యాండిల్ మూలుగుతూ తిన్నగా తిరిగింది. బుల్లయ్య వచ్చి రెండు చేతులతో పట్టుకుని, ఓసారి కుడికి, ఓసారి ఎడమకి తిప్పాడు.

"నేనూ వస్తా వేటపాలెం," అన్నాడు షానవాజ్. "'మీ నాన్న ఏ పాపం ఎరగడమ్మా' అని ఆ పిల్లకి నేనే చెబుతా. ఇన్నేళ్లకైనా తమ్ముడి మాట నిలబెడుతున్నారు. మీలాంటి అన్న ఎంతమందికి ఉంటాడు?"

బుల్లయ్య తల దించుకున్నాడు.

"అయినా ఎవడై ఉంటాడంటారు? తాళం వేసిన బండిని తోస్తే ఉన్నచోటే గుండ్రంగా తిరుగుద్ది. చేలోకి రావాలంటే ఎడ్లబండికి ఎక్కించి తోలుకురావాల్సిందే. ఎవడి ఎడ్లో ఊళ్లో ఒక్కరైనా చూడలేదా?"

బుల్లయ్య హ్యాండిల్ వదల్లేదు. తల కూడా ఎత్తలేదు.

"ఎడ్లు తోలింది నేనే."