సాయవ్వ ఆమెన్

"ప్రభువా! మా సహోదరి రజని బతుకును పాడుచేసిన ఆ అత్త గుండె ఒక బండరాయి. ఆ రాతిని నువ్వే కరిగించు తండ్రీ!"

మైకు పట్టుకుని పాస్టర్ సామేలు గొంతు చించుకున్నాడు. మామూలు మాటల్లో ఆయనది కోరుట్ల యాసే. ప్రార్థనకు నిలబడితే మాత్రం పుస్తకాల భాష వచ్చేస్తుంది.

"ఆమెన్!" అన్నారు రేకుల షెడ్డులో చాపల మీద కూర్చున్న వాళ్ళంతా. అందరికంటే గట్టిగా అన్నది సాయవ్వ.

పక్కనే ఉన్న రజని ఏదో చెప్పబోయింది. సాయవ్వ ఆమె తొడ గిచ్చింది. రజని నోరు మూసుకుంది.

ఏడాదిగా ఆ చిన్న చర్చిలో ఇదే తంతు. రజని భర్త జగదీశ్ సెలవు మీద వచ్చినప్పుడల్లా ఆమెను కొట్టాడు. చివరికి విడాకులిచ్చి, మళ్ళీ దుబాయి పోయి, ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. అందనంత దూరంలో ఉన్నవాణ్ణి ఎంతసేపని తిడతారు? విడాకులన్నాక అత్త ఒకతె ఉండకపోతుందా అని చర్చి ఆడవాళ్ళంతా ఆమె మీద పడ్డారు. చూడకపోయినా ఆమె ఎట్లా ఉంటుందో అందరికీ తెలుసు.

"మోకాళ్ళు పట్టేసైనా సరే, ఆమెను నీ పాదాల దగ్గరికి రప్పించు ప్రభువా!" అని ఒకామె వేడుకుంది.

"ఆమెన్" అని, సాయవ్వ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచింది.

పక్కింటి మొగిలవ్వది మరీ చోద్యం. బీడీలు చుట్టడానికి కూర్చుంటే చాలు, మొదలుపెట్టేది.

"గసొంటోన్ని కన్నదెవ్వతో గని, దాని మొకం ఒక్కసారన్న సూడాలె."

"మంచిగుండది తియ్యక్కా ఆ మొకం" అనేది సాయవ్వ, తునికాకు కత్తిరిస్తూ.

విడాకులయ్యాక సిరిసిల్లలో తలెత్తుకు తిరగలేక, ఒక్క ట్రంకు పెట్టెతో రజని, సాయవ్వ ఇద్దరూ కోరుట్లకు వచ్చారు. మొగిలవ్వ ఇంటి పక్క గదిలో అద్దెకు దిగారు. అప్పుడు రజని గోడ వైపు తిరిగి పడుకునేది. సాయవ్వ ముద్ద కలిపి నోట్లో పెడితే తినేది, లేకపోతే అదీ లేదు. మొగిలవ్వే చేయి పట్టుకుని ఆమెను చర్చికి తీసుకుపోయింది.

మొదట్లో రజని అక్కడికి పోయింది ఏడవడానికే. ఇంట్లో ఏడిస్తే సాయవ్వ కూడా ఏడ్చేది. చర్చిలో ఎంత ఏడ్చినా ఎవరూ ఊరుకోమనరు, పైగా పక్కన కూర్చుని వీపు నిమురుతారు. ఏడ్చి ఏడ్చి ఒక ఆదివారం పాట అందుకుంది. తర్వాత కంజీర చేతికి తీసుకుంది. ఇప్పుడు తింటోంది, నవ్వుతోంది, దుబాయిలో ఉన్నవాడు చల్లగుండాలని ప్రార్థన కూడా చేస్తోంది. పదిమంది వినాలని కాదు, మనసారా.

నయం కానిదల్లా సాయవ్వకే.

వచ్చే ఆదివారానికి వెల్గటూర్ దగ్గర గోదావరిలో బాప్తిస్మాలు పెట్టుకున్నారు. "నువ్వు మునగకుంటె నేను సుత మునగ" అని రజని సాయవ్వ దగ్గర మొండికేసింది. పాస్టర్ సామేలు ఇంటికొచ్చి సాయవ్వ ముందు కూర్చున్నాడు.

"మనసుల పగ వెట్టుకోని నీళ్ళల్ల దిగితె ఉత్త తానమే అయితదమ్మా. ఆ జగదీశ్‌ను క్షమించినవా?"

"క్షమించిన పాస్టరయ్యా. ఏడ్సుకుంటనే క్షమించిన."

"మరి వాని తల్లిని?"

"దాన్ని మాత్రం క్షమించ."

పాస్టర్ బిత్తరపోయాడు. "కొట్టింది కొడుకైతె, తల్లి మీద గింత పగేందమ్మా?"

"పంచాయితీల పెద్దమనుషులు కూసున్నరు. ఈ పిల్ల ఒంటి నిండ వాతలు. ఆ తల్లి కండ్లార సూసింది. నా కొడుకుదే తప్పని ఒక్క మాట అంటె వాడు బయపడుతుండె. అన్లే. నా కొడుకు బంగారం, కోడలే సర్దుకపోవాలె అన్నది. గా మాట ఇప్పటికి నా చెవులల్ల మోగుతనే ఉన్నది."

రజని కళ్ళు దించుకుంది.

"కన్నతల్లి కడుపుమంట పాస్టరయ్యా, గంత జల్ది సల్లారదు" అంది గడపలో నిలబడ్డ మొగిలవ్వ, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

ఆదివారం పొద్దున్నే అంతా డీసీఎం వ్యాను ఎక్కి, పాటలు పాడుకుంటూ జగిత్యాల మీదుగా గోదావరికి చేరారు. సాయవ్వ కూడా మునుగుతానన్నది కాబట్టి రజని ముందు నీళ్ళలో దిగింది. మునిగి లేచిన ఆ పిల్ల ముఖం చూసి ఒడ్డున అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాత సాయవ్వ వంతు. నడుము లోతు నీళ్ళలో నిలబడి పాస్టర్ ఆమె తల మీద చేయి పెట్టాడు.

"అందరి ముంగట చెప్పమ్మా. ఆ తల్లిని క్షమించినవా?"

సాయవ్వ ఒడ్డున ఉన్న రజని వైపు చూసింది. దేవుడా, ఆ అత్త ముసల్దాని మనసు మెత్తబడేట్టు చూడు అని మొగిలవ్వ లోలోపల మొక్కుకుంటోంది.

"నాతోని కాదు" అని సాయవ్వ పాస్టర్ చేయి తీసేసి వెనక్కి తిరిగింది.

తడిసిన చీరతోనే రజని నీళ్ళలోకి గబగబా వచ్చి, దారికి అడ్డం నిలబడి, రెండు చేతులతో ఆమె ముఖం పట్టుకుని, ఒడ్డున ఉన్నవాళ్ళందరికీ వినిపించేట్టు అంది:

"నేనైతె ఎప్పుడో క్షమించిన, ఇగ నిన్ను నువ్వే క్షమించుకోవాలె అత్తమ్మా!"