బావిలో పడ్డ తాళంచెవి

పాఠం బాగా చెబితే ఉద్యోగం. చెప్పలేకపోతే బావమరిది టైర్ల కొట్టు.

మాస్టారికి మూడో దారి లేదు. ఇంట్లో అందరూ ఆయన్ని మాస్టారనే పిలుస్తారు. గౌరవంతో అనుకునేరు. ఆయన పనిచేసిన బడి మూతపడ్డ దగ్గర్నుంచీ, అటక మీది డబ్బా అందుకోమన్నా, మాడిపోయిన బల్బు మార్చమన్నా “మాస్టారూ” అనే మొదలుపెడతారు. బావమరిదైతే ఒకడుగు ముందుకేశాడు. కొట్లో పాత టైరు మీద చెక్క బిగించి, అది మా బావ సీటని వచ్చేపోయేవాళ్ళందరికీ చూపిస్తున్నాడు. టైర్లకు గాలి కొట్టే మిషను సరిగ్గా ఆ సీటు పక్కనే ఉంది.

ఈ కొత్త బడిలో ఒక పద్ధతుంది. సర్టిఫికెట్లు తిరగెయ్యరు. ప్రశ్నలడగరు. వచ్చినవాణ్ణి తిన్నగా ఒకటో తరగతి పిల్లల ముందుకు తోసి, పాఠం చెప్పమంటారు. పెద్దమేడమ్ వెనక కూర్చుని చూస్తుంది. పాఠం అయస్కాంతమనీ, బొమ్మల పుస్తకం, సామాను బడిలోనే ఉంటాయనీ ముందే కబురు చేశారు.

మాస్టారు ఇంట్లో సాధన మొదలుపెట్టాడు. పిన్నీసులు, సూదులు, మేకులు నేలంతా పరిచి, గోడ గడియారాన్ని తరగతి అనుకుని పాఠం చెప్పాడు. రెండోసారి కాల్లో గుండుసూది దిగాక భార్య మంచం మీద కూలబడింది.

“ఏవండీ, మీకు ఉద్యోగం వచ్చేలోగా నాకు కాళ్ళు పోయేట్టున్నాయి” అంది.

నిజానికి చిన్నపిల్లలంటే ఆయనకు లోలోపల హడలు. పెద్దపిల్లలు విననట్టు నటిస్తారు. చిన్నపిల్లలు నిజంగానే వినరు. ఒకడు ఏడుస్తాడు, ఒకడు నీళ్ళంటాడు, ఒకడు పక్కవాడి చెవి కొరుకుతాడు. పాఠం చెప్పాల్సిన రోజు దేవుడికి దణ్ణం పెట్టుకుని తరగతి గడపలో అడుగు పెట్టాడు.

తీరా చూస్తే పిల్లలు గుండ్రంగా, చేతులు కట్టుకుని, బుద్ధిమంతుల్లా కూర్చున్నారు. ఆయన ఇంకా కూర్చోమననేలేదు.

పుస్తకం తీశాడు. అట్ట ఊడొస్తోంది. పేజీల మూలలన్నీ చెవులు మడుచుకున్నాయి. బడివాళ్ళది పిసినారి చెయ్యి అనుకుని, గొంతు సవరించుకున్నాడు. అనగనగా ఒక నక్క. నక్క ఇంటికి తాళం. ఆ తాళంచెవి బావిలో పడింది.

“పాపం, ఇప్పుడు నక్క ఏం చెయ్యాలి?”

“తాడుకి అయస్కాంతం కట్టి బావిలోకి వదలాలి సార్” అంది రెండు జడల పిల్ల.

మాస్టారు పుస్తకంలోకి తొంగిచూసుకున్నాడు. ఆయన పేజీ తిప్పలేదు. అయస్కాంతం అన్న మాటే ఇంకా ఎత్తలేదు.

బడివాళ్ళు సామాను పెట్టిన పళ్ళెం ముందుకు జరిపాడు. ఏవి అంటుకుంటాయో, ఏవి అంటుకోవో ఊహించమన్నాడు. పిల్లలు వరసగా అందుకున్నారు. మేకు అంటుకుంటుంది. రబ్బరు అంటుకోదు. గుండీ అంటుకోదు. తాళంచెవి దగ్గరకొచ్చేసరికి ఆయన చిన్నగా నవ్వుకున్నాడు. నక్క కథ విన్నారు కదా, దీన్ని మాత్రం ఎవడైనా చెప్పేస్తాడు.

“అది అంటుకోదు సార్. నక్కది ఇనప తాళంచెవి. ఇది ఇత్తడిది” అన్నాడు ముందుపళ్ళు లేనివాడు.

మాస్టారు అయస్కాంతం ఆనించి చూశాడు. అంటుకోలేదు. ఆ సంగతి ఆయనకే తెలియదు.

ఇక ఆయన ఒంట్లోకి కొత్త రక్తం దూకింది. ఇన్నేళ్ళూ తనలో ఇంత విద్య ఎక్కడ దాక్కుందో అనుకున్నాడు. టబ్బులో కాగితం చేపలు పోశాడు. ఒక్కో చేప మూతికి ఒక్కో ఇనప క్లిప్పు. పుల్లకు దారం, దారానికి అయస్కాంతం. తోకలు నలిగి వేలాడుతున్నా చేపలు ఒక్కొక్కటే పైకి లేచాయి. కళ్ళజోడు పిల్లాడు పక్కవాడికి పుల్ల అందిస్తూ, ఎర్రచేప జోలికి వెళ్ళొద్దు, దాని క్లిప్పు వదులు, మధ్యలోనే జారిపోతుందని మెల్లగా చెప్పాడు. ఆరేళ్ళ వయసులో ఎంత పరిశీలన! మాస్టారి కళ్ళు చెమర్చాయి.

ఆఖరున అయస్కాంతాన్ని చేతిలోకి తీసుకున్నాడు. “దీన్ని కింద పడెయ్యకూడదు. ఎందుకంటే...”

“దాని బలం పోతుంది సార్” అని తరగతి మొత్తం ఒకే గొంతుతో అంది. అని, వాళ్ళే చప్పట్లు కొట్టేశారు.

వెనక పెద్దమేడమ్ నోరు తెరిచింది. ఆశ్చర్యంతోనే అయ్యుంటుంది.

పిల్లలకు బాగానే వచ్చిందనీ, కబురు చేస్తామనీ చెప్పి ఆవిడ వెళ్ళిపోయింది. మాస్టారి చెవికి మొదటి మాటే చేరింది. వరండాలోకొచ్చి బావమరిదికి ఫోను చేశాడు.

“ఏం బావా, సీటు తుడిపించనా?” అన్నాడు వాడు.

“ఆ సీటులో నువ్వే కూర్చోరా. నేను నోరు తెరిస్తే చాలు, పిల్లలకు పాఠం వచ్చేస్తోంది. చదువు చెప్పేవాడికీ గాలి కొట్టేవాడికీ తేడా అదే.”

వాడు, సరే బావా, ఆ పని కోసం పక్కవీధాయన ఎప్పట్నుంచో తిరుగుతున్నాడు, ఇప్పుడే ఆయన్ని కూర్చోబెట్టేస్తానని ఫోను పెట్టేశాడు.

పీడా విరగడైంది. మాస్టారు చొక్కా కాలరు సర్దుకున్నాడు.

విరామం గంట కొట్టారు. రెండు జడల పిల్ల నీళ్ళ సీసా పట్టుకుని అటుగా వచ్చి, పెద్దమేడమ్ లేదని అటూ ఇటూ చూసుకుని, ఆయన చొక్కా అంచు పట్టి లాగింది.

“రోజుకొక కొత్త సారొచ్చి మాకు ఈ నక్క పాఠమే చెబుతున్నారు, మీరైనా ఇక్కడే ఉండిపోండి సార్, లేకపోతే రేపు కూడా అయస్కాంతమే.”